మునగపాక ఎర్ర కారు

అనకాపల్లి జిల్లా అయిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, నా లైసెన్సుకి ఇంకా రెండేళ్ళ గడువుందనగా, కోయంబత్తూరు నుంచి ఒక వాల్యుయేషన్ పని వచ్చింది. మునగపాకలో ఉన్న ఒక పాత కారుని పరీక్షించి, దాని మీటరులో కనిపిస్తున్న కిలోమీటర్లు నిజమైనవో కావో రాసివ్వాలి. పని చిన్నదే. ముప్పై ఏళ్ళ వృత్తిలో నేను సిగ్గుపడే రిపోర్టు మాత్రం అదొక్కటే.

నేను మోటారు సర్వేయర్‌ని. సర్వేయర్ అనగానే మా వైపు భూమి కొలిచేవాడనుకుంటారు. మా పని వేరు. బండికి ప్రమాదం జరిగితే వెళ్ళి చూసి, నష్టం ఎంతో, ఎలా జరిగిందో లెక్కకట్టి బీమా కంపెనీకి నివేదిక ఇస్తాం. జీతం ఉండదు, పనిని బట్టి ఫీజు. ఇందులో లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో అని మూడు మెట్లున్నాయి. నేను రెండో మెట్టు మీదే రిటైరయ్యాను. హైవే మీద గుద్దుకున్న లారీలు, చెరకు లోడుతో బోల్తాపడ్డ ట్రాక్టర్లు, పరవాడ, అచ్యుతాపురం కంపెనీ బస్సులు, ఇవే నాకు అన్నం పెట్టాయి. వీటి మధ్యలో అప్పుడప్పుడూ పాత బండి కొనేవాళ్ళ కోసం ఇలాంటి వాల్యుయేషన్లు వచ్చేవి.

ఆ ఫోను చేసినాయన పాత కార్లు సేకరించే మనిషి. కారు యజమాని పేరు అప్పలనాయుడని చెప్పాడు. అప్పలనాయుడు నా హైస్కూలు క్లాస్‌మేటు, చెరకు పండించి బెల్లం వండే రైతు, చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు. మా నియమావళి ప్రకారం, కొనేవాళ్ళతో గాని అమ్మేవాళ్ళతో గాని సంబంధం ఉంటే సర్వేయర్ ఆ మాట ముందే చెప్పి తప్పుకోవాలి. నేను చెప్పలేదు. "సరేనండీ, ఈ వారంలోనే చూస్తాను" అన్నాను. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

వెనక డిక్కీ తోక లేని చిన్న కారుని హ్యాచ్‌బ్యాక్ అంటారు. అలాంటి చిన్న శరీరంలో పెద్ద కారుకి పెట్టాల్సిన ఇంజిను పెడితే దాన్ని హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. మన దేశంలో అలాంటివి వచ్చినవే తక్కువ. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నదే మనవాళ్ళ మొదటి ప్రశ్న, ఆ ప్రశ్న దగ్గరే ఇవి ఓడిపోయేవి. అలాంటి ఒక మోడల్ విశాఖపట్నం షోరూముకి వచ్చిందని తెలిసి, స్కూటరేసుకుని వెళ్ళి టెస్ట్ డ్రైవ్ చేశాను. బీచ్ రోడ్డులో మూడో గేరులో ఆ ఎర్ర కారు ముందుకి లాగిన లాగుడు నా వీపుకి ఇప్పటికీ తెలుసు. అక్కడే అడ్వాన్సు కట్టేశాను.

ఆ రోజు తోడుంటాడని స్కూటరు వెనక ఎక్కించుకుని వెళ్ళింది ఈ అప్పలనాయుడినే. 

వారం తిరక్కుండానే నాకు బుద్ధి వచ్చింది, లేదా బుద్ధి అనుకున్నది వచ్చింది. రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే వృత్తి, పెట్రోలు మింగే కారు, ఎదిగే పిల్లలు. అడ్వాన్సు వెనక్కి తీసుకుని, అందరూ కొనే మామూలు తెల్ల కారొకటి కొన్నాను. ఆ ఏడాది బెల్లం ధర బాగా పలికింది. నేను వదిలేసిన ఎర్ర కారుని, అదే కారుని, నాయుడు కొనేశాడు. నాతో ఒక మాట అనకుండా కొన్నాడు. కొన్నవాడు నడిపాడా అంటే అదీ లేదు. మునగపాక దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరూ దాని పొట్టకి తగిలేది. రెండేళ్ళు అడపాదడపా తిప్పి, బెల్లం గానుగ పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టి దుప్పటి కప్పాడు.

నా తెల్ల కారు యాక్సిడెంటు స్పాట్లన్నీ తిరిగి రెండు లక్షల కిలోమీటర్లు దాటి తుక్కుకి పోయింది. వాడి ఎర్ర కారు దుప్పటి కింద నిద్రపోయింది. ఊళ్ళోవాళ్ళు నాయుడిని ఎగతాళి చేసినన్నాళ్ళూ నాకు బాగానే ఉండేది. కారు కొని పశువుల శాలలో కట్టేశాడని నేనూ నలుగురితో పాటు నవ్వేవాణ్ణి.

అయితే ఆ మోడల్ ఆపేసి చాలా ఏళ్ళయ్యాక కథ తిరగబడింది. కుర్రతనంలో ఆ కార్ల ఫొటోలు గోడకి అంటించుకున్నవాళ్ళు ఇప్పుడు డబ్బున్న నడివయసువాళ్ళు. బెంగళూరు, చెన్నై, కొచ్చి నుంచి వాటికోసం వెతకడం మొదలుపెట్టారు. వాళ్ళకి బాగా తిరిగిన కారు అక్కర్లేదు, తిరగని కారు కావాలి. మీటరులో అంకె ఎంత చిన్నదైతే ధర అంత పెద్దది. ఒక్కొక్కటీ కొత్తలో పలికిన ధరకి రెట్టింపు పలుకుతోందని నేను ఫోనులో వీడియోలు చూసి తెలుసుకున్నాను. కారు విలువ తెలిసినవాణ్ణి నేను, దాన్ని వాడకుండా పడేసినవాడు వాడు. వాడి బద్ధకానికి దేశమంతా బహుమతి ఇస్తున్నట్టు అనిపించేది. ఇంతకన్నా మర్యాదైన మాట నా దగ్గర లేదు, నాది పచ్చి కుళ్ళు.

పరీక్షకి వెళ్ళిన రోజు నాయుడు స్వయంగా దుప్పటి తీశాడు. "రా బావా, సూడు. మట్టి మరకుంటే సెప్పు" అన్నాడు. పెళ్ళికూతుర్ని చూపిస్తున్న తండ్రిలా ఉంది వాడి వాలకం. వాడి భార్య సత్యవతి ఆ రోజు కశింకోటలో ఏదో పెళ్ళికి వెళ్ళింది. పక్కన నూకరాజు ఉన్నాడు. నూకరాజు వాళ్ళ ట్రాక్టరు డ్రైవరు, నాయుడి దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిషి. కారు తాళం అతని మొలతాడుకే ఉండేది, షెడ్డులో ఉన్నన్నాళ్ళూ తలుపులకి మాత్రం లాకు వేసేవాళ్ళు కాదు. ఆదివారం ఆదివారం ఇంజిను స్టార్టు చేసి కాసేపు ఉంచడం అతని పని.

మీటరులో అంకె తొమ్మిది వేల రెండువందల చిల్లర. దాన్ని అలా నమ్మెయ్యడానికి లేదు. మీటరు వెనక్కి తిప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అందుకని మేం మీటరుని అడగం, మిగతా కారుని అడుగుతాం. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటాం. టైరు మీద అది ఏ వారంలో తయారైందో చెప్పే అంకెలుంటాయి, అవి చూస్తాం. బ్రేకు డిస్కు ఎంత మందం మిగిలిందో వెర్నియర్‌తో కొలుస్తాం. స్టీరింగు నునుపు తేలిందా, గేరు రాడ్డు మీద అంకెలు చెరిగాయా, పెడల్ రబ్బర్లు అరిగాయా అని చూస్తాం. ఆఖరున తప్పనిసరిగా కారుని రోడ్డు మీద నడిపి చూడాలి.

చాసిస్ ముద్ర తీసి, తలుపు తెరిచి లోపలికి వంగాను. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు పూర్తిగా చెరిగిపోయి, గుండులా నున్నగా ఉంది. బ్రేకు పెడలూ అంతే. డ్రైవరు సీటు అంచు నలిగి పోగులు లేస్తోంది. తొమ్మిది వేల కిలోమీటర్లకి రబ్బరు అలా అరగదు.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఎలాంటిదో దాచకుండా రాస్తున్నాను. ఇరవై ఏళ్ళ బాకీ ఎవరో తీర్చినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. దొరికాడనుకున్నాను.

దాని తర్వాత నేను చేసింది పరీక్ష కాదు. గేరు రాడ్డు మీద అంకెలు కొత్తవాటిలా ఉంటే, రాడ్డు మార్పించి ఉంటారనుకున్నాను. టైర్లు కారుతో పాటు వచ్చినవే అని అంకెలు చెబుతుంటే, తుక్కు దుకాణంలో తెచ్చి తగిలించారనుకున్నాను. యాక్సిలరేటర్ రబ్బరు మాత్రం కొత్తదానిలా ఉంది. అదెందుకో ఆలోచించలేదు, ఫొటో తీసి ఊరుకున్నాను. చక్రాలు విప్పించి డిస్కులు కొలవలేదు. రోడ్డు మీద నడపనూ లేదు. "బావా, ఓ రౌండెయ్యవేటి?" అని నాయుడు తాళం చాపితే, టైర్లు పాతవి, ప్రమాదమన్నాను. అసలు సంగతి, వాడి కారులో వాడి ఎదురుగా కూర్చోవడం నావల్ల కాలేదు.

రిపోర్టులో మూడో పేజీలో ఇలా రాశాను: పెడళ్ళ అరుగుదలని బట్టి ఈ వాహనం ఎనభై వేల కిలోమీటర్లకు తక్కువ తిరిగి ఉండదు, మీటరు రీడింగు నమ్మదగినది కాదు. సంతకం పెట్టి, సీలు వేసి పంపాను. రిపోర్టు ఫీజు ఇచ్చినవాళ్ళ సొత్తు, యజమానికి కాపీ ఇవ్వం. కాబట్టి మూడో పేజీలో ఏముందో నాయుడికి తెలిసే వీల్లేదు. కోయంబత్తూరాయన నాయుడికి ఫోను చేసి, మీ మీటరు తిప్పేశారట, నాకొద్దు అని మాత్రం చెప్పాడు. కార్లు సేకరించేవాళ్ళందరూ ఒక వాట్సాప్ గ్రూపులో ఉంటారు. మునగపాక ఎర్ర కారు దొంగ మీటరుదని రెండు రోజుల్లో ఆ గ్రూపంతా పాకింది.

నాయుడు నా మీదికి వస్తాడని ఎదురుచూశాను. ఏం జవాబు చెప్పాలో కూడా తయారుచేసుకున్నాను. రాలేదు.

మూడు వారాలకి నూకరాజు వచ్చాడు. మెయిన్ రోడ్డులో మేడమీద నా ఆఫీసు. మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాబూ, మీరు రాసినారంట గదా, కారు శానా తిరిగిందని. నాయుడుగారు నన్నడిగేరు. తాళం నీ కాడే ఉంటాది, నాకు తెలీకుండా ఎవులికిచ్చేవు, ఏ పెళ్ళిళ్ళకి తిప్పేవు అన్నారు. తిప్పనేదంటే, మా బావ అబద్దం రాత్తాడేటి అన్నారు."

నాయుడు తన కారుని నమ్మలేదు, తన మనిషిని నమ్మలేదు, నా సంతకాన్ని నమ్మాడు.

నూకరాజు చెప్పుకుపోయాడు. తాళం లాగేసుకున్నారు. పనిలోకి రావద్దన్నారు. ఊళ్ళో ఇంకెవరూ ట్రాక్టరు ఇవ్వడం లేదు, బండి దొంగతనంగా తిప్పినవాడని. పరవాడలో కాంట్రాక్టరు దగ్గర ఊడ్చే పనికి కంపెనీ బస్సెక్కి వెళ్తున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి.

"నేను ఆ కారులో ఏనాడూ కూకోనేదు బాబూ. ఆరి సీట్లో నేనెలా కూకుంతాను? కిటికీలోంచి సెయ్యెట్టి తాళం తిప్పేవోణ్ణి. మీరు సదువుకున్నోరు. ఏటి సూసి రాసేరో నాకోపాలి సెప్పండి."

పెడళ్ళు చూసి రాశానని చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయాను. కిటికీలోంచి తాళం తిప్పేవాడి కాలు పెడల్ మీదికి ఎలా వెళ్తుంది? మళ్ళీ చూస్తానని చెప్పి పంపేసి, కంప్యూటర్లో ఆ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. క్లచ్ రబ్బరు మీద అడ్డంగా సన్నటి గాట్లున్నాయి, వందలకొద్దీ, ఒకే చోట. బ్రేకు మీదా ఉన్నాయి. బూట్లు, చెప్పులు అలాంటి గాట్లు పెట్టవు. పక్కనే యాక్సిలరేటర్ కొత్తదానిలా మెరుస్తోంది. యాక్సిలరేటర్ తొక్కకుండా ఎనభై వేల కిలోమీటర్లు ఎవడు నడుపుతాడు? ఈ ప్రశ్న ట్రైనింగులో ఉన్న కుర్రాడు కూడా వేస్తాడు. నేను వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి వెర్నియర్ సంచిలో పెట్టుకుని మునగపాక వెళ్ళాను. షెడ్డు తలుపు తీసుంది. కారు మీద దుప్పటి లేదు. డ్రైవరు సీట్లో సత్యవతి కూర్చుని ఉంది. తడి జుట్టు, నుదుట కుంకుమ. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది. కారు కదలడం లేదు. లోపల్నుంచి కిర్రు కిర్రుమని స్ప్రింగు చప్పుడు వస్తోంది.

నన్ను చూసి వేలు చూపించి ఆగమంది. లెక్క పూర్తయ్యాక దిగింది. "ఏటన్నయ్యా ఇంత పొద్దున్నే వచ్చేరు? టీ ఎడతాను ఉండండి."

ఏం చేస్తున్నావమ్మా అని అడిగాను.

"కారుకి కాళ్ళాడించడం. కొన్నప్పుడు సోరూం మేస్త్రీ సెప్పేడు గదా. మనది సముద్రం గాలి, కదపకుండా ఉంచితే కిలచ్చి అతుక్కుపోతాదని, రోజూ ముప్పై మాట్లు తొక్కమన్నాడు. బ్రేకు కూడాను. నీళ్ళోసుకోగానే ఇది సేసేసి అప్పుడు పొయ్యి ముట్టిత్తాను."

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. మొదటినుంచీ అంది. వేరే ఊరు వెళ్తే తప్ప మానలేదట.

ఆమె పాదాల వంక చూశాను. చెప్పుల్లేవు. రెండో వేళ్ళకి వెండి మెట్టెలున్నాయి. రోజుకి ముప్పై సార్ల చొప్పున ఇరవై ఏళ్ళంటే రెండు లక్షల పైచిలుకు తొక్కుళ్ళు. ఆ రబ్బరు మీదున్న గాట్లు ఆ మెట్టెలవి.

మేస్త్రీ చెప్పిన మాట తప్పు కాదు. తేమగాలికి క్లచ్ ప్లేటు తుప్పుపట్టి అతుక్కుపోవడం నాకూ తెలిసిన విషయమే. ఈ సంగతి నాయుడికీ తెలుసు. కాని అది వాడి దృష్టిలో కళ్ళాపి చల్లడం లాంటి ఇంటి పని, కారు సంగతి కాదు. నేను రాసింది పెడళ్ళ గురించని తెలిస్తే, ఆ ఇంట్లో ఎవరైనా నిమిషంలో చెప్పేవారు. వాళ్ళకది తెలియలేదు. తెలిసిన నేను అడగలేదు.

ఆ తర్వాత మొదటిరోజు చెయ్యాల్సిన పనులన్నీ చేశాను. ఊళ్ళోంచి మెకానిక్కుని పిలిపించి చక్రాలు విప్పించాను. నాలుగు చోట్ల కొలిచాను. బ్రేకు డిస్కు అరగాలంటే చక్రం తిరగాలి, నిలబెట్టి తొక్కితే అరగదు. మందం దాదాపు కొత్తదానిదే. సర్వీసు పుస్తకంలో ముద్రలు మీటరుతో సరిపోయాయి. చక్రాలు బిగించాక నాయుడి దగ్గర తాళం అడిగి తీసుకుని, అనకాపల్లి వైపు మూడు కిలోమీటర్లు మెల్లగా నడిపాను. పాత టైర్లతో అంతకు మించి కూడదు. ఒక్కసారి మాత్రం మూడో గేరులో కాస్త గట్టిగా తొక్కాను. ఇరవై ఏళ్ళ కిందటి లాగుడు అలాగే ఉంది. నాకు కళ్ళు చెమర్చలేదు, ఒళ్ళు మండింది. ఇది నాది కావాల్సింది అనుకున్నాను, అంతా తెలిశాక కూడా.

తిరిగొచ్చి నాయుడికి చెప్పాను. రిపోర్టు తప్పన్నాను. ఎందుకు తప్పైందో కూడా నసుగుతూనే చెప్పాను. వాడు నా చేతిలోంచి తాళం తీసుకున్నాడు.

"నీకీ కారంటే మనసని నాకు తెల్దేటి బావా? అడ్వాన్సు ఎనక్కి తీసుకున్ననాడు నీ మొకం సూసేను గదా. నీకెప్పుడు కావాలంటే అప్పుడు తోలుకుంతావని తాళం సాపేవోణ్ణి. నువ్వే ముట్టుకోనేదు. కారు పోతే పోనీ. నీ మాట పట్టుకుని నూకరాజుని దొంగన్నాను. ఆడి కాడికి ముందు నువ్వెళ్ళు."

రిపోర్టు తప్పైతే మా పద్ధతిలో అనుబంధ నివేదిక అని ఒకటి రాయాలి. పాతది చించెయ్యకూడదు. ఏది తప్పు, ఎందుకు తప్పు, ఇప్పుడు ఏం తేలింది, వరసగా రాసి, పాతదానికి జతచేసి, అదే మనిషికి పంపాలి. అలాగే పంపాను. అందులో యజమాని నాకు స్నేహితుడనీ, ఆ సంగతి ముందే చెప్పి తప్పుకోవాల్సిందనీ కూడా రాశాను. ఫీజు వాపసు ఇచ్చాను. ఒక ప్రతిని తెలుగులో రాసుకుని నూకరాజు ఇంటికి వెళ్ళి, వాళ్ళ వీధిలో నలుగురు వింటుండగా చదివాను. మెట్టెల సంగతి వచ్చినప్పుడు అతని భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నూకరాజు నవ్వలేదు. చివరిదాకా విని, "సరే బాబూ" అన్నాడు.

మర్నాటి నుంచి మళ్ళీ నాయుడి ట్రాక్టరు ఎక్కాడు. కారు తాళం మాత్రం తీసుకోలేదు. నాయుడు రెండుసార్లు ఇవ్వబోయాడట. "ఒద్దు నాయుడుగారూ, అది మీ కాడే ఉండనీండి" అన్నాడట. ఆదివారాలు ఇంజిను స్టార్టు చెయ్యడం సత్యవతే నేర్చుకుంది.

కోయంబత్తూరాయన అప్పటికే వేరే కారు కొనేశాడు. ఎనిమిది నెలలకి కొచ్చి నుంచి ఒక డాక్టరు వచ్చాడు. నా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. ఇంతగా అనుమానించి, ఇంతగా కొలిచి తేల్చిన మీటరు ఇంకే కారుకీ లేదని, మొదటాయన చెప్పిన ధర కన్నా ఎక్కువిచ్చి పట్టుకుపోయాడు. నాయుడిని దెబ్బతీయాలని రాసిన కాగితం వాడి కారుకి ధర పెంచింది. దెబ్బ తగిలింది ఏ కారూ లేని మనిషికి. లారీ మీదికి ఎర్ర కారు ఎక్కిస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. నాయుడు సంతోషంగా ఉన్నాడు. నేను లేను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి ఉపయోగపడుతుందేమోనని, దీన్నుంచి నేర్చుకున్నది రాస్తున్నాను. పెడల్ రబ్బరు ఎన్నిసార్లు తొక్కారో చెబుతుంది, ఎంత దూరం వెళ్ళారో చెప్పదు. ఆ తేడా నాకు ముందు కూడా తెలుసు. తెలిసినది ఆ రోజు పనికిరాకుండా పోయింది, ఎందుకంటే ఏం తేలాలో నేను ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్ళాను. ఆ తర్వాత లైసెన్సు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఫైలు అట్ట మీద పెన్సిలుతో ఒక ప్రశ్న రాసేవాణ్ణి: ఇందులో ఏం తేలితే నాకు బాగుంటుంది? ఏదైనా ఒకటే అనిపిస్తే పని మొదలుపెట్టేవాణ్ణి. జవాబు వెంటనే తోస్తే ఆ ఫైలు వేరే సర్వేయరుకి పంపేసేవాణ్ణి. అలా మూడు ఫైళ్ళు పంపాను. నూకరాజు ఇప్పటికీ బజారులో కనిపిస్తే నమస్కారం పెడతాడు. మా ఆఫీసు మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు.